రంధ్రానికి చోటూ ఉంది, వేళా ఉంది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరి వృత్తిలోని సంగతి వాళ్ళు, ఆ వృత్తిలో లేనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పాలని కమిటీవారు షరతు పెట్టారు. నాది యంత్రాల డిజైను. అందులోంచి ఒక చిన్న పనిని ఎంచుకున్నాను. వెల్డింగుతో కట్టే ఉక్కు నిర్మాణాలకు మేము ముందుగా కంప్యూటరులో నమూనా తయారు చేస్తాం. రంధ్రాలు తొలవడం, పైభాగాలు చదును చేయడం వంటి మెషినింగ్ పనులు కూడా ఆ నమూనాలో ఉంటాయి. అప్పుడప్పుడు వాటిని ఒక అసెంబ్లీలోంచి తీసి ఇంకో అసెంబ్లీలో పెట్టాల్సి వస్తుంది. అసెంబ్లీ మారడం అనగానే రాజకీయం అనుకోకండి. మా భాషలో అసెంబ్లీ అంటే కొన్ని భాగాల కూర్పు, అంతే. కాకపోతే ఇక్కడ కూడా మారేటప్పుడు కొన్ని పాత సంబంధాలు తెగిపోతాయి. వాటి సంగతే ఇవాళ చెబుతాను.

ముందుగా మన ఇళ్ళలో తలుపు గడియ సంగతి చూద్దాం. వడ్రంగి తలుపు రెక్కలను, ద్వారబంధాన్ని తన కొట్లోనే తయారు చేస్తాడు. గడియ వెళ్ళి దూరే రంధ్రాన్ని మాత్రం అక్కడ వేయడు. ద్వారబంధాన్ని గోడలో నిలబెట్టి, తలుపు బిగించి, మూసి చూసి, గడియ ఎక్కడ తగులుతోందో గుర్తు పెట్టుకుని అప్పుడు తొలుస్తాడు. కొట్లోనే తొలిచేస్తే, గోడ కట్టేటప్పుడు ద్వారబంధం ఒక్క నూలు పక్కకు జరిగినా గడియ పడదు. ఆ రంధ్రం ఎక్కడ ఉండాలో వడ్రంగికి ముందే తెలుసు. ఎప్పుడు వేయాలో కూడా తెలుసు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండో మాటలోనే ఉంది. రంధ్రానికి చోటు ఉన్నట్టే వేళ కూడా ఉంటుంది.

ఉక్కుకు ఈ పట్టింపు చెక్క కన్నా ఎక్కువ. ఎందుకో మనం బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే చెబుతుంది. ఒక మీటరు పొడవున్న ఉక్కు కడ్డీని 100 డిగ్రీల సెల్సియస్ మేర వేడి చేస్తే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. కడ్డీ మొత్తం ఒకేలా వేడెక్కి ఒకేలా చల్లారితే మళ్ళీ మొదటి పొడవుకే వస్తుంది. వెల్డింగులో అలా జరగదు. అతుకు దగ్గర ఉక్కు 1500 డిగ్రీల ప్రాంతంలో కరుగుతూ ఉంటే, కాస్త దూరంలో ప్లేటు ఇంకా చల్లగానే ఉంటుంది. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకోవాలని చూస్తుంది. పక్కనున్న చల్లని ప్లేటు ముడుచుకోనివ్వదు. ఈ పెనుగులాటలో ఫ్రేము కొంత కుదించుకుంటుంది, కొంత వంగుతుంది, కొంత బిగువును లోపలే దాచుకుంటుంది. వి ఆకారంలో గాడి తీసి వేసిన బట్ వెల్డు ఒక్కటే అడ్డంగా 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా కుదించుకుంటుందని ఫ్యాబ్రికేషన్ రంగంలో ఉన్న ఉజ్జాయింపు లెక్క.

లోపల మిగిలిన బిగువు పోవడానికి ఫ్రేమును కొలిమిలో పెట్టి, మామూలు ఉక్కు అయితే 550 నుంచి 650 డిగ్రీల మధ్య, 25 మిల్లీమీటర్ల మందానికి గంట చొప్పున ఉంచి మెల్లగా చల్లారుస్తారు. దీన్ని స్ట్రెస్ రిలీవింగ్ అంటారు. అప్పుడు కూడా కొలతలు కాస్త కదులుతాయి. దర్జీ కొత్త నూలుగుడ్డను నీళ్ళలో తడిపి, ఆరబెట్టి, అది ముడుచుకోవాల్సినంతా ముడుచుకున్నాకే కత్తెర పడతాడు చూడండి, ఇదీ అలాంటిదే. ఖచ్చితమైన కొలత కావాల్సిన మెషినింగ్ అంతా ఆ తర్వాతే.

ఎంత ఖచ్చితం అంటారా? వెల్డింగు నిర్మాణాల కొలతల్లో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే ఐఎస్ఓ 13920 అనే ప్రమాణం ఉంది. దాని బి తరగతిలో, పొడవు ఒక మీటరు నుంచి రెండు మీటర్ల మధ్య ఉంటే అటు 4 మిల్లీమీటర్లు, ఇటు 4 మిల్లీమీటర్లు తేడా ఉండవచ్చు. అదే ఫ్రేములో బేరింగు కూర్చోవడానికి 100 మిల్లీమీటర్ల వ్యాసంతో హెచ్7 తరగతి రంధ్రం కావాలంటే, దాని వ్యాసంలో ఒప్పుకునే తేడా మొత్తం 0.035 మిల్లీమీటర్లు. మొదటిది వెల్డింగు షాపు ఇవ్వగల కొలత. రెండోది మెషిన్ షాపు మాత్రమే ఇవ్వగల కొలత. ఒకే వస్తువులో రెండూ ఉన్నప్పుడు ఏ పని వెల్డింగుకు ముందు, ఏ పని తర్వాత అన్నది డ్రాయింగు చెప్పి తీరాలి.

ఇప్పుడు కంప్యూటరులోకి వెళదాం. నమూనాలో ఒక్కో ప్లేటుకు ఒక్కో ఫైలు ఉంటుంది. ప్లేట్లన్నీ అతికితే వెల్డ్‌మెంటు. అలాంటి వెల్డ్‌మెంట్లు రెండు మూడు కలిపి బోల్టులతో బిగిస్తే పై అసెంబ్లీ. ఇల్లు, వీధి, ఊరు అన్నట్టు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. రంధ్రాన్ని ఈ మూడింటిలో ఎక్కడైనా గీయవచ్చు. ఎక్కడ గీసినా పై అసెంబ్లీ తెరిచి చూస్తే తెర మీద ఒకేలా కనబడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

కనబడేది ఒకటే అయినా చెప్పే మాట వేరు. ప్లేటు ఫైలులో గీస్తే, ప్లేటు కోసేటప్పుడే ఈ రంధ్రం కూడా కోసెయ్యమని కటింగు మిషను దగ్గర ఉన్నవారికి చెప్పినట్టు. వెల్డ్‌మెంటులో గీస్తే, అంతా అతికి చల్లారాక వెయ్యమని మెషిన్ షాపుకు చెప్పినట్టు. పై అసెంబ్లీలో గీస్తే, రెండూ కలిపి బిగించి సరిచూసుకున్నాక వెయ్యమని చెప్పినట్టు. సాఫ్ట్‌వేరు చేసినవాళ్ళకు కూడా ఈ వరుస తెలుసు. ఆటోడెస్క్ ఇన్వెంటరులో వెల్డ్‌మెంటు తెరిస్తే ప్రిపరేషన్లు, వెల్డులు, మెషినింగ్ అని మూడు అరలు వరుసగా కనబడతాయి. అతుక్కోవాల్సిన అంచులను ఏటవాలుగా చెక్కడం మొదటి అరలోకి, అతుకులు రెండో అరలోకి, అతికాక చేసే కోతలు మూడో అరలోకి వస్తాయి. సాలిడ్‌వర్క్స్ వెల్డ్‌మెంటును పలు ముక్కలున్న ఒకే పార్టు ఫైలుగా పట్టుకుంటుంది. అయినా యాజ్ వెల్డెడ్, యాజ్ మెషిన్డ్ అని రెండు రూపాలను విడిగా చూపిస్తుంది. దారులు వేరైనా రెండూ కర్మాగారంలోని వరుసనే అనుసరిస్తున్నాయి.

అసెంబ్లీలో గీసిన కోత మామూలుగా ప్లేటు ఫైలులోకి దిగదు. ప్లేటు ఫైలు విడిగా తెరిస్తే రంధ్రం లేని నిండు పలక కనబడుతుంది. కొత్తగా చేరినవాళ్ళు దీన్ని లోపం అనుకుంటారు. లోపం కాదు. వెల్డరు చేతికి వచ్చే ప్లేటుకు నిజంగానే రంధ్రం ఉండదు మరి.

ఇక మార్చడం సంగతి. భాగాలను ఒక అసెంబ్లీలోంచి లాగి కొత్త సబ్ అసెంబ్లీలో పెట్టడం తేలిక. భాగాలు వెళతాయి. వాటి మీద పడిన కోతలు పాత అసెంబ్లీలోనే ఉండిపోతాయి, లేదా ఆధారం పోయి తప్పు చూపిస్తాయి. ఎందుకంటే కోత అనేది వస్తువు కాదు. అది రాసిపెట్టిన ఒక ఆదేశం. ఫలానా ప్లేటు పైముఖం మీద, ఫలానా అంచు నుంచి ఇంత దూరంలో, ఇంత వ్యాసంతో, ఫలానా భాగాలన్నిటి గుండా తొలవమని అందులో ఉంటుంది. ఆ ఫలానాలన్నీ పాత అసెంబ్లీలోని గుర్తులు. ఇల్లు మారాక కూడా మేనత్త గది పక్కన అని గుర్తు చెబితే కొత్త ఇంట్లో ఎవరికి తెలుస్తుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మోటారును, గేర్‌బాక్సును మోసే 1800 మిల్లీమీటర్ల పొడవు ఉక్కు ఫ్రేము ఒకటి ఉంది. ఛానళ్ళతో కట్టి, మోటారు కింద రెండు, గేర్‌బాక్సు కింద రెండు ప్యాడ్లు వెల్డు చేశారు. ఒక్కో ప్యాడు 400 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు, 30 మందం. వెల్డింగు అయ్యాక పైన 5 మిల్లీమీటర్లు చెక్కి 25కు తెస్తారు. మెషినింగ్ అంతా ఒకే వెల్డ్‌మెంటులో గీసి ఉంది. ఇంతలో, పెట్టాల్సిన చోటికి ఇంత పొడుగు ఫ్రేము వెళ్ళదు, రెండు ముక్కలుగా చేసి మధ్యలో ఫ్లాంజులతో బిగించేలా మార్చమని కొనేవారు అడిగారు. ఇప్పుడు ఒక వెల్డ్‌మెంటు రెండవుతుంది, వాటిని కలిపే పై అసెంబ్లీ ఒకటి వస్తుంది. ఏ కోత ఎక్కడికి వెళ్ళాలి?

కంప్యూటరు ముందు కూర్చుని తేల్చే ప్రశ్న కాదిది. కర్మాగారంలో పని ఎలా జరుగుతుందో తలుచుకుంటూ ఒక్కొక్కటీ చూడాలి. నేలలో పాతిన 24 మిల్లీమీటర్ల పునాది బోల్టులకు 30 మిల్లీమీటర్ల రంధ్రాలు ఇచ్చారనుకుందాం. వెల్డింగులో రెండు మిల్లీమీటర్లు జరిగినా ఇబ్బంది లేదు. వాటిని ప్లేటు ఫైలులోకే దించవచ్చు, ప్లేటుతో పాటే కోసేస్తారు, ఖర్చు తగ్గుతుంది. ఫ్లాంజుల ముఖాలు ఫ్రేము నిడివికి సరిగ్గా లంబంగా ఉండాలి, వాటి మీది 20 మిల్లీమీటర్ల బోల్టుల రంధ్రాలు 22తో ఉండి ఒకదానికొకటి ఎదురుగా రావాలి. ఇవి వెల్డింగు తర్వాతి పనులు, ఏ ముక్కకు ఆ ముక్క మీద చేసేవి. కాబట్టి రెండు కొత్త వెల్డ్‌మెంట్లలోని మెషినింగులోకి వెళతాయి. ప్యాడ్ల పైభాగాలు నాలుగూ ఒకే మట్టంలో ఉండాలంటే రెండు ముక్కలనూ బిగించి ఒకే అమరికలో చెక్కడం మేలు. అందువల్ల ఆ చెక్కడమూ, ప్యాడ్లలో రంధ్రాలూ పై అసెంబ్లీలో ఉంటాయి. చివరగా, షాఫ్టులు ఒకే వరుసలోకి తెచ్చాక, జరగకుండా కొట్టే డోవెల్ పిన్నుల రంధ్రాలు. అవి మన గడియ రంధ్రాల్లాంటివే. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా చివర. చూశారా, ఒకప్పుడు ఒకే చోట ఉన్న కోతలు మూడు మెట్ల మీదికి పోయాయి.

ఇలా ఆలోచించకుండా తెర మీద పాత ఆకారం వస్తే చాలనుకుంటే ఏం జరుగుతుందో రెండు రకాలు చెబుతాను.

మొదటిది ఫ్లాంజులది. పాత ఫ్రేములోనే రెండు ఫ్లాంజులూ పెట్టి, రెంటి గుండా ఎనిమిది రంధ్రాలు ఒకే కోతతో వేసి, ఆ తర్వాత ఫ్రేమును విడదీశారనుకోండి. ఆ కోతను మోటారు వైపు ముక్కలో మళ్ళీ గీస్తే ఆ వైపు ఫ్లాంజుకే రంధ్రాలు పడతాయి. చివరిదాకా తొలువు అన్న ఆదేశానికి చివర ఎక్కడో మారిపోయింది. కొత్త అసెంబ్లీలో రెండో ఫ్లాంజే లేదు. నమూనా ఏ తప్పూ చూపించదు, ఎందుకంటే సాఫ్ట్‌వేరు లెక్కలో తప్పేమీ జరగలేదు. గేర్‌బాక్సు వైపు ఫ్లాంజు నిండు పలకగా డ్రాయింగులోకి, డ్రాయింగులోంచి కర్మాగారంలోకి వెళుతుంది.

రెండోది ఇంకా మెత్తగా దెబ్బ తీస్తుంది. ప్యాడును చెక్కే కోత మార్చేటప్పుడు పాడైంది. దాన్ని బాగుచేసే బదులు, కోతను తీసేసి ప్యాడు మందాన్నే 30 నుంచి 25కు మార్చేస్తే? చివరి ఆకారం అచ్చం పాతదే. షాఫ్టు ఎత్తు సరిపోయింది, బొమ్మ సరిపోయింది. కానీ కొనాల్సిన సరుకు జాబితాలో 30 పోయి 25 వచ్చింది. వెల్డింగుకు వంగిన ప్యాడును చదును చేయడానికి చెక్కబోతే చెక్కడానికి లోహం లేదు. చెక్కితే మందం తగ్గి మోటారు కిందికి దిగుతుంది, చెక్కకపోతే కుంటుతుంది.

మార్చడానికి నమ్మదగిన దారులు మూడున్నాయి. మొదటిది, కోతను కొత్త చోట కొత్తగా గీయడం. దానికి ముందు పాత అసెంబ్లీలో ఒకే మూలబిందువు నుంచి ప్రతి రంధ్రానికీ అడ్డం, నిలువు దూరాలు, వ్యాసం, లోతు, ఏయే భాగాల గుండా వెళుతోందో పట్టికగా రాసుకోవాలి. కొత్తది గీసి, సరిచూసుకుని, అదే పూట పాతదాన్ని తీసేయాలి. రేపు తీద్దామని ఉంచితే ఒకే రంధ్రం రెండు చోట్ల ఉంటుంది. తర్వాత ఎవరో ఒకదాన్ని జరిపితే రెండు రంధ్రాలవుతాయి.

రెండోది, మొదటినుంచే ఒక అస్థిపంజరం ఫైలు పెట్టుకోవడం. అందులో లోహం ఉండదు. షాఫ్టు మధ్యరేఖ, ప్యాడ్ల మట్టం, ఫ్లాంజు తలం, రంధ్రాల వరుసలు గీతలుగా మాత్రమే ఉంటాయి. ప్రతి అసెంబ్లీలోనూ దాన్ని మూలబిందువు దగ్గరే పెట్టి, కోతలన్నిటినీ ప్లేట్ల అంచులకు కాక ఆ గీతలకే కట్టాలి. అప్పుడు ప్లేటు ఎటు వెళ్ళినా కోత గుర్తు చెడదు. ముగ్గు వేసేవాళ్ళు ముందు చుక్కలు పెట్టుకున్నట్టు.

మూడోది, వెల్డు చేసిన నిర్మాణాన్ని పోతపోసిన దిమ్మలా చూడడం. వెల్డ్‌మెంటుకు ఒక నంబరు. దాన్ని ఆధారంగా తీసుకుని పుట్టించిన ఇంకో పార్టు ఫైలులో మెషినింగ్ అంతా గీసి, దానికి ఇంకో నంబరు. ఫ్యాబ్రికేషన్ వాళ్ళకు ఒక డ్రాయింగు, మెషిన్ షాపుకు ఒక డ్రాయింగు. ఎవరి కాగితంలో వాళ్ళ పనే ఉంటుంది. పెద్ద పనులకు ఇదే శుభ్రమైన దారి.

నాలుగో దారి కూడా ఒకటుంది, దానితో జాగ్రత్త. సాలిడ్‌వర్క్స్‌లో అసెంబ్లీ కోతను భాగాల ఫైళ్ళలోకి దించే ఏర్పాటు ఉంది. కావాలనే వాడితే మంచిదే. తేలిక కదా అని వాడితే వెల్డింగు తర్వాతి రంధ్రం వెల్డింగు ముందుకు జరిగిపోతుంది. పైగా ఆ ప్లేటును ఇంకో నాలుగు యంత్రాల్లో వాడి ఉంటే, అడగని రంధ్రం ఆ నాలుగింటికీ పడుతుంది.

మార్పు సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తూకం చాలు. మార్చే ముందు నమూనా బరువు, గరిమనాభి రాసుకోండి. మార్చాక మళ్ళీ చూడండి. 25 మిల్లీమీటర్ల పలకలో 22 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి తప్పిపోతే బరువు సుమారు 75 గ్రాములు పెరుగుతుంది. ఫ్లాంజులో ఎనిమిదీ పోతే 600 గ్రాములు. బరువును కిలోల్లో కాక గ్రాముల దాకా చూపించమంటే అది దాక్కోలేదు. అయితే రెండు తూకాలు వేయాలి, చెక్కాక ఒకటి, చెక్కక ముందు ఒకటి. ప్యాడు కథలో చివరి బరువు మారదు. చెక్కక ముందు బరువు మాత్రం ఒక్కో ప్యాడుకు రెండు కిలోల మూడు వందల గ్రాములకు పైగా తగ్గుతుంది. దొంగ అక్కడ దొరుకుతాడు. ఆ తర్వాత పాత డ్రాయింగునూ కొత్త డ్రాయింగునూ పక్కపక్కన పెట్టి, రంధ్రాలను వేలితో లెక్కపెట్టండి. నవ్వకండి, వేలు పట్టుకున్న తప్పులు చాలా ఉన్నాయి.

ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. తెర మీద తప్పు దిద్దడానికి ఐదు నిమిషాలు. అదే తప్పు కర్మాగారం దాటి, లారీ ఎక్కి, పని చోటికి చేరిందనుకోండి. క్రేను అద్దె నడుస్తూ ఉంటుంది. ఫ్లాంజుకు రంధ్రాలు లేవు. పని ఆగకూడదని ఫిట్టరు గ్యాసు కట్టరుతో రంధ్రాలు కోస్తాడు. అవి గుండ్రంగా రావు, పెద్దవవుతాయి, అంచులు గట్టిపడతాయి. బోల్టు తల కింద సరిగా కూర్చోదు, యంత్రం అదురుకు వదులవుతుంది. ఆ తర్వాత ఏం జరిగినా ముందుగా వినబడే పేరు ఆ ఫిట్టరుదే. అతను మన నమూనాను ఎప్పుడూ చూడలేదు. అతనికి అందింది ఒక కాగితం. ఆ కాగితంలో లేని రంధ్రాన్ని అతను ముందుగా ఎలా వేస్తాడు?

మన బడిలో చదివి బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో, విజయవాడ ఆటోనగర్‌లో పనిచేస్తున్నవాళ్ళు ఈ సభలో ఉన్నారు. ఏసీ గదుల్లో నమూనాలు గీసేవాళ్ళూ ఉన్నారు. ఒకే బల్ల మీద కూర్చుని చదివిన ఇద్దరిలో ఒకరు గీసింది ఇంకొకరు కోయడం మా వృత్తిలో మామూలే. గీసేవాళ్ళకు నా మాట ఒక్కటే. ఏ కోతనైనా జరిపే ముందు కోసేవాళ్ళకు ఫోను చేసి, "అన్నా, ఇది ఎప్పుడు వేస్తారు?" అని అడగండి. ఆ జవాబు వచ్చే దాకా మౌసు కదపకండి. కోసేవాళ్ళకూ ఒక మాట. డ్రాయింగులో వరుస తప్పుగా ఉందనిపిస్తే సర్దుకుని పోకుండా, అదే రోజు తిరిగి అడగండి. మీరు సర్దుకున్న ప్రతిసారీ ఆ తప్పు నమూనాలో అలాగే ఉండి, వచ్చే యంత్రంలోకి వెళుతుంది.

గురువులకు ఒక విన్నపం. లెక్క చేసిన పిల్లవాణ్ణి "ఎంత వచ్చింది?" అని అడుగుతారు. రేఖాగణితంలో "ఎక్కడి నుంచి కొలిచావు?" అని కూడా అడుగుతారు. ఆ రెండు ప్రశ్నలూ మాకు ఈనాటికీ అన్నం పెడుతున్నాయి. వాటి పక్కన "ఏది ముందు చెయ్యాలి, ఎందుకు?" అన్న మూడో ప్రశ్ననూ చేర్చండి. అట్టముక్కలతో ఒక పెట్టె చేయించి, రంధ్రం అతికించక ముందు వేస్తే ఏమవుతుందో, తర్వాత వేస్తే ఏమవుతుందో వాళ్ళ చేతులతోనే చేయించి చూపండి. ఇందుకు కంప్యూటరు ల్యాబు అవసరం లేదు, కత్తెర, జిగురు, స్కేలు చాలు.